ఆ బిళ్ళ చీటీ చేతికొచ్చాక: మందుల షాపు కౌంటర్ వెనక నుంచి నా అనుభవం

అంగస్తంభన కోసం వేసుకునే సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) బిళ్ళను పేరు పెట్టి అడిగేవాళ్ళు తక్కువ. షాపులో ఇంకెవరూ లేనప్పుడు చూసి వచ్చి, ఫోన్‌లో బిళ్ళ ఫొటో చూపించి, "తమ్ముడూ, ఇది రెండు ఇవ్వు" అంటారు. డాక్టరు చీటీ ఉన్నవాళ్ళు కూడా దాన్ని నాలుగు మడతలు పెట్టి, పారాసిటమాల్ షీటు కింద దాచి జరుపుతారు. జ్వరం మందుకైతే అర నిమిషంలో కవరు చేతిలో పెట్టేస్తాను. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాల్లో ఏం అడుగుతానో, ఎందుకడుగుతానో, తీరా ఇంటికెళ్ళాక మాత్ర ఎక్కడ బెడిసికొడుతుందో వరసగా రాస్తున్నాను.

సిల్డెనాఫిల్, అదే పనికి వాడే తడలాఫిల్ రెండూ షెడ్యూల్ హెచ్ మందులు. స్ట్రిప్పు వెనక నిలువుగా ఎర్రగీత ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మేవాళ్ళున్నారు కదా అంటే ఉన్నారు, కాదనను. కానీ చీటీ అంటే డాక్టరు చెయ్యాల్సిన పని జరిగిందనడానికి నాకున్న ఒకే ఒక్క ఆధారం. బీపీ చూశారా, గుండె సంగతి అడిగారా, పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు, కొలెస్ట్రాల్ చేయించారా? కోరిక కూడా తగ్గిందంటే ఉదయం 11 గంటల లోపు రక్తం తీసి టెస్టోస్టెరాన్ చూశారా? సాయంత్రం తీసిన రక్తంలో ఆ హార్మోన్ మామూలుగానే తక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడటం దండగ.

ఈ పరీక్షలు మాత్ర ఇవ్వడానికి అడ్డంకులు కావు. అంగానికి రక్తం తెచ్చే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు, గుండెవి మూడు నాలుగు. పూడిక మొదలైతే సన్నటి గొట్టమే ముందు మొరాయిస్తుంది. అందుకే 45 ఏళ్ళ మనిషికి అంగస్తంభన తగ్గిందంటే గుండెనొప్పి కొన్నేళ్ళ ముందే కబురు పంపిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. చీటీ లేకుండా మాత్ర కొనుక్కునే మనిషి ఆ కబురు చదవకుండానే చింపేస్తున్నాడు. ఇక గత ఆరు నెలల్లో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే, బీపీ 90/50 కంటే కిందున్నా 170/110 కంటే పైనున్నా, డాక్టరు ప్రత్యేకంగా తేల్చి చెబితే తప్ప నేను ఇవ్వను. ఇంట్లో చూసుకోదగ్గ కొలత ఒకటుంది. రెండంతస్తుల మెట్లు చకచకా ఎక్కితే ఛాతీ పట్టేయడం, విపరీతమైన ఆయాసం వస్తున్నాయంటే మాత్ర సంగతి తర్వాత, ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తర్వాతది అసలైన ప్రశ్న. ఎక్కువ సమయం దీనికే ఇస్తాను.

ఒళ్ళు స్పందించినప్పుడు అంగంలోని నరాలు, రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతాయి. దాంతో సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం పుట్టి కండరం సడలి, రక్తం నిండుతుంది. పీడీఈ5 అనే ఎంజైము ఆ పదార్థాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొడుతూ ఉంటుంది. సిల్డెనాఫిల్, తడలాఫిల్ చేసేది ఆ ఎంజైమును ఆపడమే. ఇప్పుడు సార్బిట్రేట్ సంగతి చూడండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే ఆ బిళ్ళ ఒళ్ళంతటికీ నైట్రిక్ ఆక్సైడ్‌ను అందిస్తుంది. ఒకటి కొళాయి పూర్తిగా తిప్పుతుంది, ఇంకోటి తూము మూసేస్తుంది. రెండూ కలిస్తే రక్తనాళాలన్నీ ఒక్కసారి సడలి బీపీ దభాలున పడిపోతుంది. స్పృహ తప్పొచ్చు, గుండెకు రక్తం అందక ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్‌ను ఫైజర్ కంపెనీ ఇంగ్లండులో మొదట పరీక్షించింది గుండెనొప్పికే. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం అంగస్తంభనకు. నైట్రిక్ ఆక్సైడ్ పని కనిపెట్టిన ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది కూడా అదే ఏడాది.

ఇందులో చిక్కు మందులది కాదు, మాటది. "గుండెకేమైనా వాడుతున్నారా సార్?" అంటే "అబ్బే, ఏం లేదు" అంటారు. అబద్ధం కాదు. రోజూ వేసుకునేదాన్నే వాడటం అంటారు మనవాళ్ళు. పర్సులో పదిరూపాయల నోటు వెనక నలిగిపోయిన సార్బిట్రేట్ ముక్క వాళ్ళ లెక్కలోకి రాదు. గుండెపోటొస్తే వెంటనే వేసుకోండంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చూసి ఆస్పిరిన్‌తో పాటు అది కూడా జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళు చాలామంది. కాబట్టి నా ప్రశ్న మార్చుకున్నాను: "పర్సులో, బండి డిక్కీలో, ఇంట్లో నాన్నగారి డబ్బాలో నాలుక కింద పెట్టుకునే బిళ్ళ ఉందా? ఛాతీ పట్టేస్తే మీరు గానీ ఇంట్లోవాళ్ళు గానీ ముందు ఏది తీస్తారు?" ఇలా అడిగితే నిజమైన జవాబు వస్తుంది.

పేర్లు కూడా చెబుతాను, ఎందుకంటే అందరికీ సార్బిట్రేట్ ఒక్కటే తెలుసు. మోనోట్రేట్, నైట్రోకాంటిన్, నాలుక కింద కొట్టుకునే నైట్రోగ్లిజరిన్ స్ప్రే, ఛాతీకి అంటించే ప్యాచ్, అన్నీ ఆ కోవలోవే. వీటన్నిటినీ కలిపి నైట్రేట్లు అంటారు. నికోరాండిల్ పేరులో నైట్రేట్ లేదు గానీ పని అదే, నిషేధమూ అంతే. ఊపిరితిత్తుల బీపీకి ఇచ్చే రియోసిగ్వాట్‌తోనూ కుదరదు. పార్టీల్లో పీల్చే పాపర్స్ కూడా నైట్రైట్లే. మరోవైపు పేరు చూసి అనవసరంగా భయపడేవాళ్ళూ ఉన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే నైట్రోఫ్యూరాంటోయిన్ యాంటీబయాటిక్, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి మామూలు బీపీ మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పి ఈ మందు వాడుకోవచ్చు. బీపీ ఇంకాస్త తగ్గుతుందంతే.

సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, తడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ముట్టకూడదు. కానీ రోజూ నైట్రేట్ వాడే మనిషి "ఇవాళ్టికి అది మానేసి ఇది వేసుకుంటా" అని లెక్క వేసుకోకూడదు. అలాంటివాళ్ళకు ఈ మాత్రే పనికిరాదు. మాత్ర వేసుకున్న రాత్రి ఛాతీలో నొప్పి మొదలైతే వెంటనే సంభోగం ఆపేసి, 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ ఎక్కీ ఎక్కగానే ఏ మాత్ర, ఎంత, ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పాలి. అది తెలిస్తే వాళ్ళు నైట్రేట్ పక్కనబెట్టి వేరే మందులతో చూసుకుంటారు. మనిషి మాట్లాడలేని స్థితిలో ఉంటే చెప్పగలిగేది భార్య ఒక్కతే. భార్యకు తెలియకుండా వాడే మందు కాదిది.

తర్వాత ప్రోస్టేట్ గ్రంథి. అరవై దాటినవాళ్ళలో రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేవడం, ఈ సమస్య రెండూ జోడుగా వస్తాయి. మూత్రం సమస్యకు టామ్సులోసిన్, సిలోడోసిన్, ఆల్ఫుజోసిన్ వాడుతుంటారు. బీపీకి ప్రాజోసిన్ వాడేవాళ్ళూ ఉంటారు. వీటితో కలిస్తే పడుకున్నవాడు లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతాడు, అది కూడా అర్ధరాత్రి బాత్‌రూమ్ గడప దగ్గర. అందుకని ఆ మందు కొన్నాళ్ళు వాడి ఒంటికి అలవాటయ్యాకే దీన్ని మొదలుపెట్టాలి, సిల్డెనాఫిల్ అయితే 25 ఎం.జి.తో. టామ్సులోసిన్, తడలాఫిల్ 5 ఎం.జి. ఒకే బిళ్ళలో కలిపినవి కూడా ఉన్నాయి. యూరాలజిస్టు అది ఇస్తాడు. ఇంకో డాక్టరుకు ఆ సంగతి చెప్పకపోతే తడలాఫిల్ 20 రాస్తాడు. రెండు స్ట్రిప్పుల మీదా కంపెనీ పేర్లు వేరు, రంగులు వేరు. వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల్లో "ప్రతి మాత్రలో" అన్న వరస కింద ఏముందో చదివితేనే తెలుస్తుంది లోపల ఒకటే మందని. ఇది చదవడం ప్రతివాళ్ళకీ నేర్పుతాను. ముందు వైపున్న పేరు కంపెనీ సొంతం, వెనక వైపున్నది మీ ఒంట్లోకి వెళ్ళేది.

మన వాతావరణంలో ఎవరూ ఊహించని ప్రమాదం తామర మందు. గజ్జల్లో తామరకు చర్మ డాక్టర్లు ఇట్రాకొనజోల్ వారాల తరబడి రాస్తారు. సిల్డెనాఫిల్‌ను, తడలాఫిల్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. అప్పుడు 50 వేసుకున్నా రక్తంలో అంతకు రెట్టింపు కంటే ఎక్కువున్నట్టు పనిచేస్తుంది. కీటోకొనజోల్ మాత్రలు, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. హెచ్ఐవీ మందుల్లో రిటోనావిర్ ఉన్నవాళ్ళకైతే సిల్డెనాఫిల్ 48 గంటల్లో 25 ఎం.జి. మించకూడదు. టీబీ మందు రిఫాంపిసిన్ దీనికి తిరగబడి పనిచేస్తుంది, మాత్రను త్వరగా కరిగించేస్తుంది. టీబీ కోర్సులో ఉన్న మనిషి "నకిలీది ఇచ్చావ్" అని నా మీదకొచ్చేది ఇక్కడే.

కిడ్నీ సంగతి కూడా అడగాలి. షుగరు పదిహేనేళ్ళుగా ఉందంటే క్రియాటినిన్ రిపోర్టు చూపించమంటాను. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు సిల్డెనాఫిల్ 25తోనే మొదలు. తడలాఫిల్ అయితే మోతాదు తగ్గడంతో పాటు రెండు బిళ్ళల మధ్య గడువు 72 గంటలు కావచ్చు. 65 దాటినవాళ్ళకూ, కాలేయం చెడినవాళ్ళకూ 25 దగ్గరే మొదలుపెడతారు. మిగతావాళ్ళకు 50. పనిచేసేదాన్ని బట్టి 100కు పెంచడం, 25కు తగ్గించడం డాక్టరు పని. ఎంతైనా రోజుకు ఒక్కసారే.

ఇక ఇంటికెళ్ళాక.

"పనిచెయ్యలేదు" అని తిరిగొచ్చేవాళ్ళలో చాలామంది దగ్గర తప్పు బిరియానీది. సిల్డెనాఫిల్ ఖాళీ కడుపున వేసుకుంటే గంట అటూఇటుగా రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. నూనె, కొవ్వు నిండిన భోజనం మీద వేస్తే ఆ సమయం ఇంకో గంట వెనక్కి పోతుంది, గరిష్ఠ మోతాదు కూడా నాలుగోవంతుకు పైగా తగ్గుతుంది. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు మటన్ బిరియానీ, పదింటికి మాత్ర, పదిన్నరకు ఆశ, పదకొండుకు నిరాశ, పదకొండుంబావుకు రెండో మాత్ర. అసలు ప్రమాదం ఆ రెండోదే. మొదటిది ఎక్కడికీ పోలేదు, కడుపులో ఆగి ఉందంతే. పన్నెండింటికి రెండూ కలిసి ఎక్కి తల పగిలిపోతుంటే, గోడ పట్టుకుని నడవాలి. రాత్రి రెండు ఇడ్లీలో, రెండు పుల్కాలో తేలిగ్గా తిని, రెండు గంటలు ఆగి, మాత్ర వేసుకుని, ఇంకో గంట ఆగితే అదే 50 ఎం.జి. పనిచేస్తుంది.

తడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు. అందుకే పెళ్ళిభోజనాల కాలంలో డాక్టర్లు దానికి మార్చడం చూస్తుంటాను. వేసుకున్నాక రెండు గంటలకు పూర్తిగా ఎక్కి, 36 గంటల వరకు ప్రభావం ఉంటుంది. సిల్డెనాఫిల్ నాలుగు గంటల్లో సగానికి తగ్గితే తడలాఫిల్‌కు పదిహేడున్నర గంటలు పడుతుంది. ఎక్కువసేపు ఉంటుందని సంతోషించేవాళ్ళు తలనొప్పి కూడా అంతసేపూ ఉండొచ్చని, నైట్రేట్ గడువు రెట్టింపని గుర్తుపెట్టుకోవాలి. రోజూ వేసుకునే 5 ఎం.జి. పద్ధతిలో రోజూ ఒకే వేళకు వేసుకుంటే ఐదు రోజులకు రక్తంలో నిలకడకు వస్తుంది. రెండో రోజే చాల్లేదని పైన 20 వేసుకోవడం పెద్ద పొరపాటు.

మాత్ర వేసుకుని పడుకుని సీలింగ్ ఫ్యాను చూస్తూ ఉంటే ఏమీ జరగదు. నైట్రిక్ ఆక్సైడ్ పుట్టాలంటే మనసు, స్పర్శ రెండూ కావాలి. లేకపోతే మాత్రకు కాపాడటానికి లోపల ఏమీ లేదు. మొదటిసారి ఆందోళనతోనే సగం పోతుంది. వేరువేరు రోజుల్లో, సరైన మోతాదులో, సరైన వేళకు ఆరు నుంచి ఎనిమిదిసార్లు చూశాకే ఆ మందు పనిచెయ్యలేదని డాక్టర్లు ఒప్పుకుంటారు. షుగరు బాగా ముదిరినవాళ్ళకు, ప్రోస్టేట్ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిన్నవాళ్ళకు మాత్రలు అంత బాగా పనిచెయ్యవు. వాళ్ళకు ఇంజెక్షన్, వాక్యూమ్ పంపు లాంటి దారులున్నాయి గానీ అవి యూరాలజిస్టు దగ్గర నేర్చుకోవాల్సినవి. బీపీ మాత్ర వల్లే ఇదంతా అని సొంతంగా అటెనొలాల్ మానేసే మనిషికైతే గట్టిగానే చెబుతాను. ఆ అనుమానం నిజం కావచ్చు, కానీ మందు మార్చాల్సింది డాక్టరు.

మందు తాగి వేసుకోవచ్చా అని దాదాపు అందరూ అడుగుతారు, కాకపోతే చివర్లో, వెళ్ళబోతూ. ఒక పెగ్గుతో కొంపలేం మునగవు. క్వార్టరు దాటితే మద్యం కూడా బీపీని దించుతుంది, పైగా స్తంభన కోసం వేసుకున్న మాత్రకు అదే అడ్డుపడుతుంది.

తలనొప్పి, మొహం వేడెక్కి ఎర్రబడటం, ముక్కు దిబ్బడ, అజీర్ణపు మంట మామూలే, కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. తలనొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. సిల్డెనాఫిల్‌తో కొందరికి ట్యూబ్‌లైటు చుట్టూ నీలం ఛాయ కనిపిస్తుంది. కంటి తెరలోని పీడీఈ6 అనే దాయాది ఎంజైమును కూడా అది కాస్త తాకడమే కారణం. తడలాఫిల్ వేసుకున్న మర్నాడు నడుము, తొడలు నొప్పి పుడితే బరువెత్తామేమో అనుకుంటారు. అది మాత్రదే, రెండు రోజుల్లో పోతుంది. ఇవి కాకుండా ఒక కన్ను హఠాత్తుగా మసకబారినా, ఒక చెవి మూసుకుపోయినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. వంశపారంపర్య రేచీకటి జబ్బు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

స్తంభన నాలుగు గంటలు దాటి దిగకపోతే అది మగతనం కాదు, ఎమర్జెన్సీ. లోపల నిలిచిపోయిన రక్తంలో ఆక్సిజన్ అయిపోయి కండరం చచ్చి పీచుగా మారుతుంది. తెల్లారేదాకా ఆగితే ఇక ఎప్పటికీ మామూలు స్తంభన రాకపోవచ్చు. క్యాజువాల్టీలో యూరాలజిస్టు సూదితో ఆ రక్తం తీసి, రక్తనాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ ఇస్తాడు. సిగ్గుపడి ఐసు ముక్కలతో గంటలు గడిపే పనేనా ఇది? ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. పాడేరు, ఆదిలాబాద్ ఏజెన్సీ వైపు ఆ జబ్బు ఉంది కాబట్టి అటువాళ్ళు ఎవరైనా వస్తే ఆ పరీక్ష చేయించుకున్నారా అని అడుగుతాను.

సిల్డెనాఫిల్‌లో డపాక్సిటిన్ కలిపిన బిళ్ళలంటే నాకు మొదటినుంచీ పడదు. డపాక్సిటిన్ శీఘ్రస్ఖలనానికి, అదీ నిలబడితే కళ్ళు తిరిగే మందు. అవసరం లేనివాళ్ళు కూడా "డబుల్ పవర్" అని అడుగుతారు. అంతకంటే భయం గోడల మీద రాతలు. "ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో దొరుకుదురు" అన్న వైద్యులు ఇచ్చే పొడులు, మూలికలంటూ అమ్మే గుళికలు. ఇలాంటివాటిలో సిల్డెనాఫిల్‌నే కలిపి అమ్మడం చాలా దేశాల్లో తనిఖీల్లో బయటపడింది. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు. వేసుకున్న మనిషి ఆసుపత్రిలో "ఇంగ్లీషు మందులేం వేసుకోలేదండీ" అని నిజాయితీగా చెబుతాడు, సార్బిట్రేట్ నాలుక కిందకి వెళ్తుంది.

మాత్రలు స్ట్రిప్పులోనే ఉంచండి. కత్తిరించి విడిగా ఇస్తే గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క చివరిదాకా మిగిలేలా రెండో వైపు నుంచి వాడండి. ఎండాకాలంలో బండి డిక్కీలో పెడితే 30 డిగ్రీల లోపు అన్న షరతు మొదటి గంటలోనే పోతుంది. విటమిన్ డబ్బాలో దాచడం అసలొద్దు. ఇంట్లో పెద్దాయన అది విటమినే అనుకుంటాడు, ఆయన గుండెకు మోనోట్రేట్ వాడుతుంటాడు.

రెండోసారి వచ్చినప్పుడు మళ్ళీ అవే ప్రశ్నలు వేస్తే విసుక్కుంటారు, "మొన్నే చెప్పాను కదా" అని. మొన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందో నాకు తెలియదు కదా. అందుకే "ఈ నెలలో ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళారా అన్నా?" అని మాత్రం అడుగుతాను. "ఎక్కడికీ వెళ్ళలేదు, గజ్జల్లో దురదకి చర్మ డాక్టరు దగ్గరికి తప్ప" అంటూ జేబులోంచి ఇంకో చీటీ తీస్తారు. దాన్ని విప్పి, రెండో లైను చదివి, సిల్డెనాఫిల్ స్ట్రిప్పు మళ్ళీ డ్రాయర్లో పెట్టి, తామర కోర్సు అయ్యేవరకూ ఇది ఆపమనాలా, 25కి దించాలా అని రాసిన డాక్టరుకే ఫోన్ కలుపుతాను.